మంజీర ఒడ్డు బండికి ఏ రేడియో?

కామారెడ్డి జిల్లా పటంలో డోంగ్లి ఒక మూలకు ఉంటుంది. 2022లో కొత్త మండలంగా ఏర్పడింది, బాన్సువాడ రెవెన్యూ డివిజన్ కిందికి వస్తుంది. ఒకవైపు మంజీర, మరోవైపు మహారాష్ట్ర. ఇంకొంచెం దక్షిణానికి దిగితే కర్ణాటక. నల్లరేగడి చేలు, పత్తి, సోయా. సంతలో తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినపడతాయి. నేల చాలావరకు సమంగా ఉంటుంది, చెప్పుకోదగ్గ ఎత్తులు తక్కువ. హైదరాబాద్‌కు పటం మీద గీత గీస్తే దాదాపు 150 కిలోమీటర్లు.

హామ్ రేడియో గురించి, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచితో నడిపే రేడియో గురించి రాస్తూ ఊరి నైసర్గిక స్వరూపంతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. బండిలో సెట్టు పెట్టుకోవాలనుకునేవారు మొట్టమొదట అడిగే మాట, "ఎన్ని వాట్లది కొనాలి?" అని. అది చివర అడగవలసిన ప్రశ్న. మొదట తేల్చుకోవలసింది, ఎక్కడి నుంచి ఎక్కడికి మాట్లాడాలి, మధ్యలో ఏముంది అన్నది. హైదరాబాద్‌లో గుట్టల మీద, మేడల మీద, విన్న మాటను తిరిగి ప్రసారం చేసే రిపీటర్లు ఉన్నచోట చక్కగా పనిచేసే సెట్టు, డోంగ్లి నుంచి మద్నూర్ పోయే దారిలో ఉత్త ఇనుపపెట్టె అయిపోవచ్చు. నేల తెలిసినవాడికే రేడియో ఎంపిక తెలుస్తుంది.

ముందు చూపుమేర లెక్క చూద్దాం. బండ్లలో ఎక్కువగా కనిపించేది వీహెచ్‌ఎఫ్ సెట్టు. మన దేశంలో హామ్‌లకు ఇందులో ఇచ్చిన పట్టీ 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వరకు. దీని తరంగాలు ఇంచుమించు కంటిచూపులాగే తిన్నగా పోతాయి, భూమి వంపు దగ్గర ఆగిపోతాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ చూపు ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. బొలేరో కప్పు మీది యాంటెన్నా నేలకు 2 మీటర్ల ఎత్తులో ఉంటే చూపు 6 కిలోమీటర్లకు కాస్త లోపు. ఎదుటివాడి దగ్గరా అలాంటి బండే ఉంటే రెండూ కలిపి 12 కిలోమీటర్లలోపు. ఎదుటి మనిషి ఇంటి డాబా మీద 16 మీటర్ల ఎత్తున యాంటెన్నా కట్టుకుంటే ఆయన చూపు 16 కిలోమీటర్లు దాటుతుంది, మన చూపు కలిపితే 22. 60 మీటర్ల టవరు మీద రిపీటర్ ఉంటే 38. చెట్లు, ఇళ్లు, చెరువు కట్టలు అడ్డొస్తే ఇవి తగ్గుతాయి.

ఈ అంకెల్లో వాట్ల ప్రస్తావన ఎక్కడా రాలేదు. 50 వాట్ల సెట్టుకు బదులు 80 వాట్లది కొంటే పవర్ 1.6 రెట్లు పెరిగింది, అంతే. వినేవాడి సెట్టులో సంకేతం బలాన్ని చూపే ఎస్ మీటరు ఒక్క అంకె పైకి కదలాలంటే పవర్ నాలుగింతలు కావాలి. అదే యాంటెన్నాను 2 మీటర్ల నుంచి 8 మీటర్లకు లేపితే చూపు రెట్టింపవుతుంది. పక్కకు ఆపిన బండికి మడతపెట్టే స్తంభం కట్టి యాంటెన్నాను పైకి లేపినవాడు, వేల రూపాయలు అదనంగా పోసి పెద్ద సెట్టు కొన్నవాడికంటే దూరం మాట్లాడతాడు. ఇది హామ్‌లకు తరతరాలుగా తెలిసిన విషయమే. అయినా ప్రతి కొత్తవాడూ డబ్బు సెట్టు మీద పోసి, యాంటెన్నాకు వచ్చేసరికి చెయ్యి బిగపడతాడు. నేను మొత్తం ఖర్చును మూడు భాగాలు చేసి, ఒక భాగం సెట్టుకు, ఒకటి యాంటెన్నాకు, ఒకటి వైరు, కేబుల్, విడి బ్యాటరీలకు పెట్టమంటాను.

అయితే మంజీర ఒడ్డున ఉన్నవాడికి వీహెచ్‌ఎఫ్ ఒక్కటే చాలదు. ఊరి చుట్టూ, వాగుకు ఈ దరి నుంచి ఆ దరికి, ట్రాక్టర్ నుంచి ట్రాక్టర్‌కు అది బంగారం లాంటి సాధనం. జిల్లా దాటి హైదరాబాద్‌కు మాట చేరాలంటే హెచ్‌ఎఫ్ కావాలి. 7 మెగాహెర్ట్జ్ పట్టీ, హామ్‌లు 40 మీటర్లు అని పిలిచేది, ఈ పనికి పగటిపూట బాగా సరిపోతుంది. తరంగం పైకి పోయి, దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తున అయనోవరణాన్ని తాకి, కిందికి వంగి వస్తుంది. డోంగ్లి నుంచి హైదరాబాద్‌లో దిగాలంటే దాన్ని నేల నుంచి దాదాపు 75 డిగ్రీల కోణంలో పైకి పంపాలి. అంటే ఇంచుమించు నడినెత్తికి. మధ్యలో ఎన్ని గుట్టలున్నా, ఎన్ని టవర్లు కూలినా దానికి అడ్డు కాదు. మనది ఉష్ణమండలం కావడం ఇక్కడ కలిసొస్తుంది. పగలు మన నెత్తిమీది అయనోవరణం దట్టంగా ఉండి, నిటారుగా వచ్చిన 7 మెగాహెర్ట్జ్‌ను కూడా చాలా రోజుల్లో తిప్పి పంపుతుంది. ఇంకా ఉత్తరాన ఉన్న దేశాలలో ఈ వెసులుబాటు మనకున్నంతగా ఉండదు. రాత్రి పొద్దుపోయాక పొర పలచబడి, దగ్గరి స్టేషన్లు మాయమై, దూరదేశాలవాళ్లు వినిపించడం మొదలవుతుంది. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్‌కు దిగాలి.

చిక్కు యాంటెన్నా దగ్గర వస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం అంటే అర మీటరు తీగ. కప్పు మధ్యలో నిలబెడితే చాలు, కప్పు ఇనుపరేకే మిగతా సగం పని చేస్తుంది. 7 మెగాహెర్ట్జ్‌కు అదే పావు తరంగం 10 మీటర్లు పైమాటే. బండి మీద అంత కడ్డీ నిలబెట్టలేం. అందుకని రెండు, రెండున్నర మీటర్ల కడ్డీకి మధ్యలో కాయిల్ చుట్టి, పొడవు తక్కువైనా ట్యూన్ అయ్యేలా చేస్తారు. అలాంటి కడ్డీకి రేడియేషన్ నిరోధం ఒకటి రెండు ఓములు మాత్రమే. కాయిల్‌లో, బండి కింది నేలలో పోయే నష్టం పది ఓములకు పైనే ఉంటుంది. కాబట్టి సెట్టు నుంచి 100 వాట్లు బయల్దేరితే గాలిలోకి వెళ్లేది పదో, పదిహేనో. మిగిలినదంతా కాయిల్‌ను, మట్టిని వేడిచేసి పోతుంది. డోంగ్లి రేగడి ఇక్కడ కొంత మేలు చేస్తుంది. తడిసిన నల్లరేగడి కరెంటును బాగా ప్రవహింపజేసే నేల. కరెంటు పనివాళ్లు ఎర్తింగ్ గుంత తవ్వేటప్పుడు ఇలాంటి మట్టినే కోరుకుంటారు. రాతినేల మీద ఆగిన బండికంటే వానాకాలపు రేగడి గట్టున ఆగిన బండికి నష్టం తక్కువ.

ఇంకో ఇబ్బంది ఉంది. నిటారు కడ్డీ తన నెత్తిమీదికి తరంగాన్ని దాదాపు పంపదు, చుట్టూ పక్కలకు పంపుతుంది. మనకు కావలసింది నెత్తిమీదికే. అందుకే ఆ కడ్డీతో ఢిల్లీ, కోల్‌కతా పలికి, హైదరాబాద్ పలకకపోవచ్చు. సెట్టు చెడిందనుకుని విప్పి చూసేవారు ఉంటారు. చెడింది సెట్టు కాదు, కోణం. బండి ఆపాక కడ్డీని వెనక్కి వంచి, నైలాన్ తాడుతో బంపర్‌కు కట్టి అడ్డంగా ఉంచితే దగ్గరి స్టేషన్లు కొంత మెరుగుపడతాయి. అంతకంటే మంచిది, బండిలో ఒక డైపోల్ తీగచుట్ట ఉంచుకోవడం. 7.1 మెగాహెర్ట్జ్‌కు మొత్తం 20 మీటర్లు, ఒక్కో చేయి 10 మీటర్ల చొప్పున. మామూలు ఇన్సులేషన్ ఉన్న రాగితీగ చాలు. మధ్యలో కోయాక్స్ కేబుల్ కలిపి, రెండు కొసలకు తాడు కట్టి, రోడ్డు పక్క వేపచెట్ల మధ్య నాలుగైదు మీటర్ల ఎత్తున లాగితే అదే మీ యాంటెన్నా. ఎత్తు తక్కువని బాధపడక్కర్లేదు. అంత కిందున్న డైపోల్ తన శక్తిని నిటారుగా పైకే విసురుతుంది, మనకు కావలసిందీ అదే. కడ్డీకంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ శక్తిని గాలిలోకి పంపుతుంది. పైన కరెంటు తీగలు లేని చోటే కట్టాలి. తాడు విసిరేముందు తలెత్తి చూసి, ఇంకోసారి చూడాలి. పొలాల మీదుగా పోయే పదకొండు వేల వోల్టుల లైను ఆకుల చాటున కనపడకపోవచ్చు.

కాబట్టి హెచ్‌ఎఫ్ విషయంలో నా సలహా ఇది. నడిచే బండిలోంచి మాట్లాడాలన్న కోరికను పక్కనపెట్టి, బండిని ఎక్కడికంటే అక్కడికి తీసుకుపోగల స్టేషన్‌గా చూడండి. ఆపండి, తీగ కట్టండి, మాట్లాడండి, చుట్టుకుని కదలండి. నడుస్తూ మాట్లాడటానికి వీహెచ్‌ఎఫ్ ఉంది.

ఇక సెట్లు. వీహెచ్‌ఎఫ్ ఒక్కటే చాలనుకుంటే యేసు ఎఫ్‌టీ-2980 లాంటి 80 వాట్ల సెట్టు, ఐకామ్ ఐసీ-2300 లాంటి 65 వాట్ల సెట్టు గట్టి సరుకు. మీటలు తక్కువ, స్పీకరు గట్టిగా వినిపిస్తుంది. రెండు పట్టీలూ, అంటే 434 నుంచి 438 మెగాహెర్ట్జ్ యూహెచ్‌ఎఫ్ కూడా కావాలంటే కెన్‌వుడ్ టీఎం-వీ71 వంటివి 50 వాట్లిస్తాయి. డోంగ్లి చుట్టుపక్కల తిరిగేవారికి యూహెచ్‌ఎఫ్ అవసరం నాకు పెద్దగా కనిపించదు. చెట్లు, పంట అడ్డొచ్చినచోట వీహెచ్‌ఎఫ్ మేలు. హెచ్‌ఎఫ్‌కు యేసు ఎఫ్‌టీ-891 బండికి తగిన పరిమాణంలో 100 వాట్లిస్తుంది, కానీ అందులో 145 మెగాహెర్ట్జ్ లేదు. రెండూ ఒకే పెట్టెలో ఉన్న ఎఫ్‌టీ-857 తయారీ ఆగిపోయింది. పాతది దొరికితే, తెలిసిన హామ్ చేత పరీక్షింపజేసుకుని తీసుకోవచ్చు. నన్నడిగితే మామూలు వీహెచ్‌ఎఫ్ సెట్టు ఒకటి, చిన్న హెచ్‌ఎఫ్ సెట్టు ఒకటి విడివిడిగా ఉండటమే నయం. ఒకటి మొరాయిస్తే రెండోది ఉంటుంది.

కొనేటప్పుడు నేను చూసేవి వేరే. ముందుపలక విడదీసి డాష్‌బోర్డు మీద పెట్టి, అసలు పెట్టెను సీటు కింద దాచుకునే వీలుందా? పత్తి ఏరే కాలంలో ఈ ప్రాంతపు దుమ్ము ఫ్యాన్ రెక్కల్లోకి దూరుతుంది, వేడి బయటకు పోయే దారి ఉందా? ఎండలో తెర కనపడుతుందా? చీకట్లో, గుంతల్లో ఎగురుతున్నప్పుడు చూడకుండా వేలితో తడిమి ఛానల్ మార్చగలమా? మెనూ లోపల మెనూ ఉన్న సెట్టు ఇంటి బల్ల మీద ముచ్చటగా ఉంటుంది, బురదరోడ్డులో విసిగిస్తుంది. విదేశాల్లో అమ్మే కొన్ని సెట్లు 148 మెగాహెర్ట్జ్ దాకా ప్రసారం చేస్తాయి, మన హద్దు 146. ఆ హద్దు మెషీన్ గుర్తుపెట్టుకోదు, మనమే పెట్టుకోవాలి.

చేతిలో పట్టే 5 వాట్ల సెట్టు ఉన్నవారు తొందరపడి కొత్తది కొననక్కర్లేదు. కారు లోపల ఇనుపడబ్బాలో కూర్చుని మాట్లాడితే దాని శక్తిలో ఎక్కువ భాగం లోపలే చిక్కుకుపోతుంది. దాని రబ్బరు యాంటెన్నా తీసేసి, కప్పు మీద అయస్కాంతంతో అంటుకునే అర మీటరు యాంటెన్నాకు కలిపితే సెట్టే మారిపోయినట్టుంటుంది. కప్పు ఇనుముది కావాలి. ప్లాస్టిక్, అల్యూమినియం, అద్దం మీద అయస్కాంతం నిలవదు. అల్యూమినియానికి బోల్టుతో బిగించుకోవచ్చు, ప్లాస్టిక్, అద్దాల కింద మాత్రం యాంటెన్నాకు కావలసిన లోహపు నేలే ఉండదు. ఆటోకు గుడ్డ కప్పు ఉంటే ఒక ఇనుపరేకు ముక్క బిగించుకోవచ్చు. కేబుల్ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మామూలు సన్న కోయాక్స్ ఆర్‌జీ-58 అయితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మీటర్లకే పవర్‌లో ఐదో వంతు తినేస్తుంది. తలుపు సందులో కేబుల్ నలిగిపోకుండా చూసుకోవాలి. బిగించాక, యాంటెన్నా నుంచి తిరిగొచ్చే శక్తిని చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూడాలి. అంకె రెండు దాటితే కడ్డీ పొడవో, కనెక్టర్ టంకమో సరిలేదన్నమాట. అది సరిచేయకుండా పూర్తి పవర్‌తో మైకు నొక్కకూడదు.

చాలా బండ్లలో తప్పు జరిగేది కరెంటు వైరు దగ్గరే. సిగరెట్ లైటర్ సాకెట్‌లోంచి 50 వాట్ల సెట్టుకు కరెంటు తీసుకోవడం తగదు. ఆ సాకెట్ వైరు సన్నం, సెట్టు ప్రసారం చేస్తున్నంతసేపూ 10, 12 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా ప్రత్యేకంగా రెండు వైర్లు తీయాలి, బ్యాటరీ కొసలకు ఆనుకునే ఫ్యూజులు పెట్టాలి. ఫ్యూజు ఉన్నది సెట్టును కాపాడటానికి అనుకుంటారు. అది కాపాడేది బండిని. బానెట్‌లోంచి లోపలికి వచ్చే రంధ్రం దగ్గర వైరు తొక్క ఒరుసుకుపోయి రేకుకు తగిలిందంటే, ఫ్యూజు సెట్టు దగ్గర ఉండి లాభం లేదు, మంట మధ్యలోనే పుడుతుంది. ఆ రంధ్రానికి రబ్బరు కంకణం తప్పనిసరి.

వైరు మందం కూడా లెక్కవేసుకోవాలి. బ్యాటరీ నుంచి సీటు దాకా 6 మీటర్లు, పోనూ రానూ 12. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 12 ఆంపియర్ల దగ్గర దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది 0.4 వోల్టు. ఇంజిను నడుస్తుంటే 13.8 వోల్టులకు పైన ఉంటుంది గనుక తేడా తెలియదు. ఇంజిను ఆపి, బ్యాటరీ కాస్త దిగాక మైకు నొక్కగానే సెట్టు ఆరిపోయేది సన్నవైరు వల్లనే. కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ కొస మీద కరెంటును కొలిచే సెన్సర్ ఉంటుంది. అలాంటివాటికి నల్లవైరును కొసకు కాక, కంపెనీ చూపిన ఛాసిస్ బోల్టుకు బిగించాలి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే మేరలో సెట్టు గానీ, మైకు కొక్కెం గానీ ఉండకూడదు.

ట్రాక్టర్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో వాగు పొంగినప్పుడు ముందుకు పోయేది కారు కాదు, ట్రాక్టరే. దానికీ 12 వోల్టుల బ్యాటరీయే, వైరు దూరమూ తక్కువ. కానీ కుదుపు, నీరు, ఇంజిను చప్పుడు ఎక్కువ. సెట్టును గట్టిగా బిగించేకంటే రబ్బరు దిమ్మెల మీద, మూతున్న డబ్బాలో పెట్టడం మంచిది. స్పీకరుకు బదులు ఒక చెవికి హెడ్‌సెట్ పెట్టుకోవాలి. యాంటెన్నాను మడ్‌గార్డ్ మీద నిలబెట్టవచ్చు.

శబ్దం మరో తలనొప్పి. ఇంజిను వేగంతోపాటు హెచ్చుతగ్గులయ్యే కూత వినిపిస్తే అది ఆల్టర్నేటర్‌ది, కరెంటు వైరు ద్వారా వస్తుంది. టకటకమనేవి ఇంజెక్టర్లు, ఇంధన పంపు. ఎక్కువ బండ్లలో అసలు దొంగ మాత్రం చవక మొబైల్ చార్జర్, లేదంటే బయట కొని పెట్టించుకున్న ఎల్‌ఈడీ దీపం. హెచ్‌ఎఫ్ పెట్టి వింటూ బండిలోని ఒక్కొక్క వస్తువును ఆపుకుంటూ పోతే దొరికిపోతుంది. వైర్ల మీద ఫెరైట్ ముక్కలు తొడగడం, బానెట్‌నూ సైలెన్సర్ గొట్టాన్నీ అల్లిన రాగిపట్టీతో ఛాసిస్‌కు కలపడం పాత పద్ధతులే, ఇప్పటికీ పనిచేస్తాయి. వినలేనిదానికి జవాబు చెప్పలేం. అందుకే మంచి హామ్‌లు ప్రసారం కంటే శబ్దం తగ్గించుకోవడం మీదే ఎక్కువ కాలం గడుపుతారు.

ఇదంతా లైసెన్సు ఉన్నవారికే. మన దేశంలో లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకోవడమే నేరం. కేంద్ర టెలికాం శాఖ నిర్వహించే పరీక్షలో ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నియమాలు అడుగుతారు. పన్నెండేళ్లు నిండినవారెవరైనా రాయవచ్చు. జనరల్ గ్రేడ్‌కు మోర్స్ కూడా రావాలి, వారి కాల్‌సైన్ వీయూ2తో మొదలవుతుంది. పరిమిత గ్రేడ్‌కు మోర్స్ అక్కర్లేదు, వారిది వీయూ3. పరిమిత గ్రేడ్ వారికి పవర్ హద్దు 50 వాట్లు, అంటే 80 వాట్ల సెట్టో, 100 వాట్ల సెట్టో కొన్నా తగ్గించి వాడాల్సిందే. మొదటి సెట్టు కొనేముందు ఇది గుర్తుంటే డబ్బు మిగులుతుంది. బండిలోంచి వాడటానికి మీ లైసెన్సు ఏమంటుందో చదువుకున్నాకే వైరు లాగండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం డ్రైవింగ్ చేస్తూ చేతిలో సమాచార పరికరం పట్టుకుని వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్‌గా లెక్కిస్తుంది. పక్క సీటులో మనిషి మైకు పట్టుకోవాలి, లేదా బండి పక్కకు ఆపాలి.

గాలిలో మాట్లాడే పద్ధతికి దాదాపు వందేళ్ల చరిత్ర ఉంది. మైకు నొక్కాక అర సెకను ఆగి నోరు విప్పాలి, లేకపోతే మొదటి అక్షరం రిపీటర్ మింగేస్తుంది. ఎదుటివాడు ముగించాక రెండు సెకన్లు ఖాళీ వదలాలి. ఆ ఖాళీ మర్యాద కోసం కాదు. ఎక్కడో ఆపదలో ఉన్న మూడోమనిషి 'బ్రేక్' అని దూరేందుకు. కాల్‌సైన్ తర్వాత 'మొబైల్' అని చేర్చితే, సంకేతం ఊగుతుందని, ఎప్పుడైనా తెగిపోవచ్చని వినేవారు అర్థం చేసుకుని ముందు మీకు అవకాశమిస్తారు. నడిచే బండిలో వీహెచ్‌ఎఫ్ టపటపా తెగి అతుక్కోవడానికి కారణం, నేరుగా వచ్చిన తరంగం, గోడను తాకి వచ్చిన తరంగం ఒకదాన్నొకటి చెరిపేసుకోవడం. ఆ చెరుపులు మీటరుకొకటి చొప్పున ఉంటాయి. ఆపిన బండిలో మాట వినపడకపోతే అర మీటరు ముందుకు జరిపి చూడండి. నాకు తెలిసి ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చే చిట్కా మరొకటి లేదు.

వరదలాంటి ఆపదలో సందేశం పంపేటప్పుడు ఎదుటివాడు కాగితం మీద రాసుకునే వేగంతో చదవాలి. అంకెలను విడివిడిగా ఇంగ్లిష్‌లో పలకడం ఈ సరిహద్దులో క్షేమం, నాందేడ్ హామ్‌కైనా, బీదర్ హామ్‌కైనా అర్థమవుతాయి. ఊరి పేరుతోపాటు మండలం, జిల్లా తప్పక చెప్పాలి. ఒకే పేరున్న పల్లెలు మనకు ఎన్నో, సిర్పూర్ అంటే ఏ సిర్పూర్? పంపిన వేళ, పంపమన్న అధికారి పేరు రాసి ఉంచాలి. విన్నది విన్నట్టు చేర్చడమే హామ్ పని. విన్నదానికి తన ఊహ కలిపితే, ఖాళీ ఊరికి పడవ పోతుంది, మునిగిన ఊరికి పోదు. మామూలు రోజుల్లో ఇతరుల సందేశాలు మోయడానికి, వ్యాపారం మాట్లాడటానికి నియమాలు ఒప్పుకోవు. సాధారణ సమాచార వ్యవస్థ కుప్పకూలినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది.

అలాంటి రోజులు మన దగ్గర వచ్చాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో దెగ్లూరు అవతలి లాతూర్ జిల్లాలో కిల్లారి భూకంపం వేలమందిని బలితీసుకుంది, ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి. హామ్‌లు అక్కడికి సెట్లతో వెళ్లారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చినప్పుడు ఫోన్లు పోయాయి, హామ్‌ల సెట్లు పనిచేశాయి. ఇలాంటి సేవల వెనక ఎస్. సూరి, కాల్‌సైన్ వీయూ2ఎంవై, 1983లో హైదరాబాద్‌లో స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ శిక్షణ ఉంది. ఆ సంస్థకే చెందిన భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, 2004 డిసెంబరులో బృందాన్ని తీసుకుని అండమాన్ వెళ్లారు. ఏళ్ల తరబడి హామ్ ప్రసారాలకు అనుమతి లేని ఆ దీవుల నుంచి ప్రపంచంతో మాట్లాడటం వారి ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. మామూలు సంబంధాలు తెగిన ఆ గంటల్లో పోర్ట్ బ్లెయిర్ నుంచి ఆమె స్టేషనే ప్రధాన భూభాగానికి సమాచారం మోసింది. ఆ యాంటెన్నాలు, ఆ పరికరాలు విపత్తు కోసం తెచ్చినవి కావు. అప్పటికి మూడు వారాలుగా రాత్రింబగళ్లు వాడుతున్నవి. అందుకే ఆ ఉదయం తడబాటు లేకుండా పనిచేశాయి.

2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానను ఇక్కడివారు మరిచిపోలేదు. కామారెడ్డి, హైదరాబాద్ మధ్య పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. నిజాంసాగర్ గేట్లు ఎత్తితే దిగువ పల్లెలకు మంజీర ఎలా వస్తుందో డోంగ్లివారికి వేరే చెప్పక్కర్లేదు. సెల్ టవరుకు కరెంటు కావాలి, ఫైబర్ కావాలి, వంతెన తెగితే ఫైబరూ తెగుతుంది. బండిలోని హామ్ సెట్టుకు బండి బ్యాటరీ చాలు. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద 50 వాట్ల వీహెచ్‌ఎఫ్ సెట్టు ఐదింట ఒక వంతు సమయం ప్రసారం చేస్తూ, మిగతా సమయం వింటూ ఉంటే సగటున 3 ఆంపియర్లు లాగుతుంది. పది గంటల్లో సగం బ్యాటరీ ఖాళీ. అంతకంటే దించితే బండి స్టార్ట్ కాకపోవచ్చు. అందుకని విడిగా ఒక లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వెంట ఉంచుకోవాలి, లేదా గంటకోసారి ఇంజిను నడపాలి.

వానాకాలం రాకముందే, మే నెలలో, ఒక పని చేయాలి. డోంగ్లి నుంచి మద్నూర్, అక్కడి నుంచి 161వ నంబర్ జాతీయ రహదారి మీద దెగ్లూరు వైపు ఒకసారి, పిట్లం వైపు ఒకసారి నెమ్మదిగా వెళ్లండి. ఇంటి దగ్గర రెండో హామ్ వింటూ ఉండాలి. ప్రతి రెండు కిలోమీటర్లకు ఆగి, మాట్లాడి, ఎక్కడ స్పష్టంగా వినపడింది, ఎక్కడ చెరిగింది, ఎక్కడ పూర్తిగా పోయింది నోటుపుస్తకంలో రాయండి. నదివైపు పల్లెల దారులకూ ఇలాగే. హెచ్‌ఎఫ్ తీగ కట్టడానికి అనువైన చెట్లు, పైన లైను లేని మెట్టజాగాలు గుర్తించండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం హైదరాబాద్ స్టేషన్లు ఎలా వినిపిస్తున్నాయో వేళలతో సహా రాయండి. ఆ పుస్తకం నకలు తహసీల్దారు కార్యాలయంలో ఒకటి ఇచ్చి రండి.

ఇందులో రెండో హామ్ అన్నాను చూడండి, అసలు కొరత అక్కడే. ఊళ్లో ఒక్కడి దగ్గరే లైసెన్సు ఉంటే ఆయన సెట్టు ఎంత మంచిదైనా వాగు అవతల వినేవాడు ఉండడు. కాబట్టి సెట్టు కోసం దాచిన డబ్బుతో ఆగి, ముందు తోడు చూసుకోండి. పదో తరగతి దాటిన పిల్లలు, ట్రాక్టర్ మెకానిక్, లైన్‌మన్, టీచరు, వీరిలో ఇద్దరు ముగ్గురు కలిసి చదివితే పరిమిత గ్రేడ్ పరీక్ష కష్టం కాదు. దరఖాస్తు టెలికాం శాఖ సరళ్ సంచార్ పోర్టల్‌లో పెట్టాలి. లైసెన్సు చేతికి వచ్చేలోపు చవక రిసీవర్ ఒకటి తెచ్చుకుని, వేపచెట్ల మధ్య ఆ 20 మీటర్ల తీగ కట్టి, పొద్దున్నే 7 మెగాహెర్ట్జ్ మీద వింటూ ఉండండి.